అంచుకి అతుక్కుంటే క్షేమమేనా? సైకిలు, రోడ్డు, కొన్ని అపోహలు

మోచేతికి కట్టుతో క్లాసుకి వచ్చారొక పెద్దాయన. యాభై దాటి ఉంటాయి. ఆఫీసుకి సైకిలు మీద వెళ్లడం మొదలుపెట్టి నెల కూడా కాలేదు. "అంచునే వెళ్తున్నానండీ, జానెడు కూడా లోపలికి రాలేదు. అయినా కారు డోరు తగిలింది" అన్నారు.

ఆ "అయినా" వినగానే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. పెద్దవాళ్లకి ట్రాఫిక్‌లో సైకిలు తొక్కడం నేర్పడం నా పని. అంతకుముందు ఆరేళ్లు డెలివరీ వ్యాను నడిపాను. రెండు సీట్ల మీదా కూర్చున్నవాణ్ని కాబట్టి చెప్తున్నాను: ఆయన అంచున వెళ్లారు కాబట్టే తగిలింది. ఈ ఒక్క ముక్క బుర్రకెక్కితే మిగతా పోస్టు చదవకపోయినా ఫరవాలేదు.

అపోహ: అంచుకి ఎంత దగ్గరగా ఉంటే అంత క్షేమం

ఇది ఇంట్లో పెద్దవాళ్లు చెప్తారు, పక్కనుంచి పోయే డ్రైవర్లు అరిచి మరీ చెప్తారు, మనకీ సబబుగానే అనిపిస్తుంది. బండ్లన్నీ అటు, నేను ఇటు, మధ్యలో ఖాళీ. కానీ ఆ ఖాళీ ఎంతో ఎప్పుడైనా లెక్కేశారా?

లేను వెడల్పు 3 మీటర్లు అనుకుందాం. కారు అద్దాలతో కలిపి దాదాపు 2 మీటర్లు. మీ హ్యాండిలు 60 సెంటీమీటర్లు, అంచు నుంచి మీరు వదిలింది 30. అన్నీ కలిపితే 2.9 మీటర్లు. మీకూ కారుకీ మధ్య మిగిలింది 10 సెంటీమీటర్లు. గుంత తప్పించడానికి మీరు కొంచెం ఊగితే అదీ ఉండదు.

బ్రిటన్ 2022లో సవరించిన హైవే కోడ్ (అక్కడి రోడ్డు నియమాల పుస్తకం) ప్రకారం, గంటకి 30 మైళ్ల లోపు వేగంతో సైకిలుని దాటే బండి కనీసం 1.5 మీటర్లు వదలాలి. జర్మనీ 2020లో ఊళ్లలో 1.5, ఊరి బయట 2 మీటర్లు అని రాసిపెట్టింది. ఆ 1.5 మీటర్లు కలిపితే పై లెక్క 4.4 మీటర్లు అవుతుంది. 3 మీటర్ల లేన్లో అది పట్టే ప్రసక్తే లేదు. అంటే మీరెక్కడున్నా సరే, పద్ధతిగా దాటాలంటే అతను పక్క లేన్లోకి వెళ్లక తప్పదు. మీరు అంచుకి నక్కితే జరిగేదల్లా ఒకటే, "పట్టేస్తుందిలే" అని అతనికి అనిపిస్తుంది. స్టీరింగ్ తిప్పడు, బ్రేకు తొక్కడు, దూరిపోతాడు. మీరు లేను మధ్యకి వచ్చి ఉంటే ఆ ఆశే ఉండదు. దారి ఖాళీ అయ్యేదాకా వెనక ఉంటాడు, ఆ తర్వాత పూర్తిగా పక్కకి వెళ్లి దాటుతాడు. వ్యాను నడిపే రోజుల్లో నేనూ అంతే చేసేవాణ్ని. అంచున ఉన్నవాడి పక్కనుంచి దూసుకెళ్లిపోయేవాణ్ని, ఎదురుగా మధ్యలో కనబడ్డవాడి వెనక కాసేపు ఆగేవాణ్ని. అప్పట్లో మధ్యలో వెళ్లేవాణ్ని పొగరుబోతు అనుకున్నాను కూడా.

ఇక డోర్ల సంగతి. సైకిలు గంటకి 18 కిలోమీటర్లతో వెళ్తోందంటే సెకనుకి 5 మీటర్లు. డోరు తెరుచుకోవడానికి సెకను కూడా పట్టదు. మీ కన్ను చూసి, చెయ్యి బ్రేకు మీద పడేలోపే ఆ 5 మీటర్లూ అయిపోతాయి. బెల్లూ పనికిరాదు, బ్రేకూ పనికిరాదు. అసలు డోరు అందనంత దూరంలో ఉండటమే మార్గం. ఆగి ఉన్న కారు నుంచి కనీసం ఒక మీటరు, ఇంకా ఎక్కువైతే మంచిది. డోరుకి ఎదురుగా వెళ్లి గుద్దుకోవడం కన్నా, హ్యాండిలు కొన డోరుకి తగులుకుని మనిషి పక్క లేన్లోకి పడటం ఎక్కువ ప్రమాదం. ఎందుకో విడమరిచి చెప్పక్కర్లేదు.

అంచులో ఇంకేం ఉంటాయో తెలుసుగా: ఇసుక, గాజు పెంకులు, కాలువ మీద ఇనప జాలీలు, అకస్మాత్తుగా దిగే మనుషులు. తప్పించుకోవడానికి ఒకటే వైపు మిగులుతుంది, అదే బండ్ల వైపు.

జంక్షన్లో అయితే అంచు మరీ ఘోరం. పక్క రోడ్డులోంచి వచ్చే డ్రైవరు కార్లు కనబడే చోటే చూస్తాడు, గోడ పక్కన నక్కినవాడి కోసం వెతకడు. వెనకనుంచి వచ్చేవాడేమో మిమ్మల్ని దాటేసి, వెంటనే మీ ముందునుంచే పక్క వీధిలోకి తిప్పేస్తాడు. అందుకే జంక్షన్‌కి ముందే లేను మధ్యకి రండి. ముందు వెనక్కి తిరిగి చూడాలి, చెయ్యి చూపించాలి, దారిచ్చారని నిర్ధారించుకుని జరగాలి. దాటాక మళ్లీ పక్కకి వచ్చెయ్యండి. మామూలు చోట్ల అంచు నుంచి కనీసం అర మీటరు. ఆగి ఉన్న రెండు కార్ల మధ్య ఖాళీ దొరికిందని లోపలికి దూరి, మళ్లీ బయటికి రాకండి. తిన్నగా, ఒకే గీత మీద వెళ్లేవాడు వెనకవాళ్లకి అర్థమవుతాడు.

"మరి వెనకనుంచి గుద్దేస్తే?" ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు, గొంతులో భయంతో అడుగుతారు. ఆ భయాన్ని నేను ఎగతాళి చెయ్యను. కనబడనిదంటే ఎవరికైనా భయమే. కానీ ఊళ్లలో సైకిళ్లకి జరిగే గుద్దుళ్లు ఎక్కువగా జంక్షన్లలోనే, అదీ ముందునుంచీ పక్కనుంచీ. వెనకనుంచి గుద్దే ప్రమాదం నిజంగా భయపడాల్సింది ఊరి బయట, రాత్రిపూట, లైటు లేనప్పుడు. గంటకి 80తో బండ్లు పోయే రోడ్డు మీద లేను మధ్యలో తొక్కమని నేను ఎవరికీ చెప్పను. నేనైతే అలాంటి రోడ్డే ఎక్కను. రెండు కిలోమీటర్లు చుట్టు తిరిగైనా వేరే దారిలో వెళ్తాను.

అపోహ: హారన్ కొట్టాడంటే నేనేదో తప్పు చేశాను

ఒకావిడ ఉండేవారు. వెనక హారన్ మోగితే చాలు, సైకిలు దిగి అంచున నిలబడిపోయేవారు. మూడు కిలోమీటర్ల దారిలో పదిసార్లు దిగేవారట. "వాళ్లకి అడ్డం కదా సార్" అనేవారు. ఆవిడకి నేను చెప్పింది ఇదే: హారన్ కొట్టినవాడు మిమ్మల్ని చూశాడు. మీ సంగతి తెలిసినవాడు అతనొక్కడే. భయపడాల్సింది ఫోను చూసుకుంటూ చప్పుడు చెయ్యకుండా వచ్చేవాడికి. గంటకి 50తో వెళ్లే కారు ఒక్క సెకనులో దాదాపు 14 మీటర్లు పోతుంది. అతను మెసేజ్ చదివిన ఆ సెకను మనకి వినబడదు.

రోడ్డు మీద మనం అతిథులం కూడా కాదు. 1968 వియన్నా రోడ్డు ట్రాఫిక్ ఒప్పందం తీసి చూడండి. డ్రైవర్ అనే మాటకి అర్థం చెప్పేచోట సైకిలు నడిపేవాణ్ని కూడా కలిపే రాశారు. ఆవిడ ఇప్పుడు హారన్ వింటే ఒకసారి వెనక్కి తిరిగి చూస్తారు, అంతే. దిగడం మానేశారు.

అపోహ: అతను నావైపు చూశాడు, కాబట్టి నన్ను చూశాడు

ఇది చెప్పడానికి నాకు సిగ్గుగానే ఉంటుంది. వ్యాను నడిపే రోజుల్లో ఒక పక్క వీధిలోంచి మెయిన్ రోడ్డు ఎక్కుతూ అటూ ఇటూ చూశాను. నిజంగానే చూశాను. ముందుకి కదిలాను. బానెట్ మీద చెయ్యి చరిచిన చప్పుడు. ఒక కుర్రాడు, ఎర్ర చొక్కా, సైకిలు. నాకు ఒక అడుగు దూరంలో ఆగి ఉన్నాడు. "కళ్లు కనబడటం లేదా అన్నా?" అన్నాడు. ఏం చెప్పను? కనబడలేదు.

కళ్లు ఒక చోటినుంచి ఇంకో చోటికి గెంతేటప్పుడు మెదడుకి స్పష్టమైన బొమ్మ అందదు. మధ్యలో ఉన్న ఖాళీని మెదడే పూడ్చుకుని "దారి ఖాళీ" అని మనకి చెప్పేస్తుంది. దానికితోడు ముందు అద్దం పక్కనుండే స్తంభం ఒక సైకిలుని మొత్తంగా దాచెయ్యగలదు. బండీ సైకిలూ ఒకే చోటికి చేరేలా కదులుతున్నప్పుడైతే, ఆ స్తంభం వెనక సైకిలు అలాగే ఉండిపోతుంది. అందుకే డ్రైవర్లు ఒకసారి మెడ ముందుకీ వెనక్కీ వంచి చూడాలి, చూపు గబగబా తిప్పెయ్యకూడదు. సైకిలు మీద ఉన్నవాళ్లు అతని మొహం చూడటం మాని ముందు టైరు చూడండి. మొహం ఎటైనా ఉండొచ్చు. టైరు కదిలిందంటే బండి వస్తోంది.

అపోహ: లారీ ఆగే ఉంది కదా, పక్కనుంచి దూరిపోవచ్చు

వద్దు. ఈ ఒక్కదాని విషయంలో నాకు "కానీ", "ఒకవేళ" అనేవి లేవు. లారీ మలుపు తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలి వైపు కోసుకుంటూ వస్తాయి. సిగ్నల్ దగ్గర మీరు నిలబడ్డ ఖాళీ, లారీ తిరగడం మొదలయ్యాక ఖాళీగా ఉండదు. ఒక్కోసారి తిరగడానికి చోటు కోసం ముందు అవతలి వైపుకి వెళ్లి, ఆ తర్వాత ఇటు తిప్పుతాడు. అది చూసి చాలామంది "అటు పోతున్నాడులే" అనుకుని దూరతారు. అద్దంలో డ్రైవరు మొహం మీకు కనబడకపోతే మీరు అతనికి కనబడరు. కనబడినా అతను ఆ క్షణంలో ఆ అద్దమే చూస్తున్నాడని ఏమీ లేదు. యూరప్‌లో 2024 జులై నుంచి కొత్త లారీలన్నిటికీ పక్కనున్న సైకిలుని పసిగట్టే పరికరం తప్పనిసరి చేశారు. పాత లారీలకి అది ఉండదు కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోకండి. లారీ వెనకే ఆగండి. అది వెళ్లిపోయాక వెళ్దురుగాని.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

ఎదురు వెళ్తే బండ్లు కనబడతాయి కాబట్టి మంచిది అంటారు. మీరు 15తో, కారు 40తో ఒకే దిక్కుకి వెళ్తుంటే మీ ఇద్దరి మధ్య వేగం తేడా 25. ఎదురు వెళ్తే 55. పైగా పక్క వీధిలోంచి వచ్చేవాడు అటువైపు చూడనే చూడడు. ఈ సలహా నడిచేవాళ్లకి సంబంధించింది, ఎవరో తెచ్చి సైకిలుకి అంటించారు.

మెరిసే పసుప్పచ్చ జాకెట్టు రాత్రిపూట కాపాడుతుందని ఒక నమ్మకం. ఆ రంగు మెరిసేది పగటి వెలుతురులోని అతినీలలోహిత కిరణాల వల్ల. చీకట్లో అది మామూలు చొక్కాయే. రాత్రి పనిచేసేవి లైటూ, హెడ్‌లైటు వెలుగుని తిరిగి పంపే రిఫ్లెక్టర్ పట్టీలూ. ఆ పట్టీలు చీలమండలకి కట్టుకోండి. కాళ్లు పైకీ కిందికీ ఆడుతుంటే అది మనిషని దూరంనుంచే తెలిసిపోతుంది.

హెల్మెట్ పెట్టుకోండి, నేనూ పెట్టుకుంటాను. అయితే యూరప్ ప్రమాణంలో దాన్ని పరీక్షించేది గంటకి దాదాపు 20 కిలోమీటర్ల వేగంతో తగిలే దెబ్బకి. కింద పడ్డ తలకి అది సాయం. లారీ పక్కనుంచి దూరడానికి లైసెన్సు మాత్రం కాదు.

సైకిలుకి పన్ను కట్టరు కాబట్టి రోడ్డు మీద హక్కు లేదనేవాళ్లతో నేను వాదించడం మానేశాను. ఇరుసు మీద బరువు 10 రెట్లయితే రోడ్డుకి జరిగే నష్టం సుమారు 10,000 రెట్లు అని 1950ల చివర్లో అమెరికాలో ఇల్లినాయి రాష్ట్రంలో మొదలుపెట్టిన రోడ్డు పరీక్షల నుంచి తేల్చారు. సైకిలు వల్ల అరిగిన రోడ్డు ఎక్కడుందో వాళ్లే చూపించాలి.

సైకిలువాళ్లంతా ఒకటే జట్టు అన్నది మనకి మనం చెప్పుకునే అపోహ. నా ఒంటి మీదున్న పెద్ద మచ్చ కారు వల్ల వచ్చింది కాదు, ముందు వెళ్తున్న సైకిలు వల్ల, కాదు, నా వల్లే. అతని వెనక చక్రం పక్కకి నా ముందు చక్రాన్ని తీసుకెళ్లి కబుర్లు చెప్తున్నాను. అతను గుంత తప్పించాడు, చక్రాలు రాసుకున్నాయి. అలా రాసుకున్నప్పుడు పడేది ఎక్కువగా వెనకవాడే. అతనికి ఏమీ కాలేదు, పైగా నన్ను లేపి మంచినీళ్లు పట్టించాడు. దాటేటప్పుడు బెల్లు కొట్టండి, చోటు వదలండి. ఇంకో సైకిలుని లోపలి పక్కనుంచి, చప్పుడు చెయ్యకుండా దాటేవాళ్లు ఆ తర్వాత కార్లవాళ్ల గురించి ఫిర్యాదు చేస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది.

మొదట చెప్పిన పెద్దాయన దగ్గరికి వస్తాను. ఆయన్ని అడిగాను, ఏ కారు డోరు అని. ఆగి ఉన్న కారు కూడా కాదట. ట్రాఫిక్ నెమ్మదిగా పాకుతోంది. ఈయన కార్ల వరసకీ అంచుకీ మధ్యనుంచి వెళ్తున్నారు. ఒక కారు ఆగింది, వెనక డోరు తెరుచుకుంది. దిగబోయింది పదేళ్ల పాప. "దెబ్బ నాకు తగిలితే ఏడుపు ఆ పిల్లది. నేనే ఊరుకోబెట్టాను" అన్నారాయన.

ఆ పాపకి ఎవరు చెప్పి ఉంటారు? నెదర్లాండ్స్ పేరు మీద "డచ్ రీచ్" అని పిలిచే ఒక అలవాటుంది, బ్రిటన్ హైవే కోడ్‌లో 2022లో చేర్చారు. డోరుకి దూరంగా ఉన్న చేత్తో డోరు తియ్యడం. అప్పుడు ఒళ్లు దానంతటదే తిరుగుతుంది, చూపు వెనక్కి పోతుంది. నడిపేవాళ్లకే కాదు, వెనక సీట్లో కూర్చునే పిల్లలకీ నేర్పండి. ఎడమ డోరైతే కుడి చెయ్యి, కుడి డోరైతే ఎడమ చెయ్యి.