షార్ట్ నోటీస్ ఫైట్ వద్దంటే ఛాంపియన్ భయపడ్డట్టేనా?

ఫైట్ దగ్గరపడ్డాక ప్రత్యర్థికి గాయమైందనో, డోప్ టెస్టులో దొరికాడనో వార్త వచ్చి, బదులుగా ఇంకొకణ్ని తెస్తే (అదే షార్ట్ నోటీస్ ఫైట్) చాలు, ఫైటర్లకు కోచింగ్ ఇచ్చే నన్ను అందరూ అడిగేది ఒకటే: "ఛాంపియన్ అన్నాక ఎవరొచ్చినా కొట్లాడాలి కదా?"

అపోహ: ఛాంపియన్ ఫుల్ క్యాంప్ (ఫైట్‌కు ముందు వారాల శిక్షణ) చేశాడు, కొత్తగా వచ్చేవాడికి ప్రిపరేషన్ లేదు. లాభం ఛాంపియన్‌దే.

వాస్తవం: ఈ నమ్మకం బెల్టులు (టైటిళ్లు) కూడా పోగొడుతుంది. క్యాంప్ అంటే దమ్ము పెంచుకోవడం ఒక్కటే కాదు. వారాల తరబడి ఒకే మనిషి కోసం స్పారింగ్ (ప్రాక్టీస్ ఫైట్) చేస్తాం. నా దగ్గరి కుర్రాడొకడు ఆర్థడాక్స్ ఫైటర్ (ఎడమ కాలు ముందు పెట్టి నిలబడేవాడు) కోసం సిద్ధమైతే, చివర్లో సౌత్‌పాను (కుడి కాలు ముందు పెట్టేవాణ్ని) తెచ్చారు. ప్యాడ్స్ పట్టి చూశాను. ముందున్న కాలు అవతలివాడి కాలికి బయటివైపు పెట్టమంటే రెండుసార్లు పెట్టేవాడు, అలుపు రాగానే మళ్లీ లోపలికే. అంటే సరిగ్గా అవతలివాడి ఎడమ చేతి స్ట్రెయిట్ పంచ్‌కు ఎదురుగా. వద్దని చెప్పేశాం. "నా కెరీర్ అయిపోయినట్టేనా అన్నా?" అని రాత్రంతా ఒకటే టెన్షన్ పడ్డాడు. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ తర్వాత వాడికి ఫైట్లు వచ్చాయి.

పైగా షార్ట్ నోటీస్‌లో వచ్చేవాడు ఇంట్లో ఖాళీగా కూర్చుని ఉంటాడని ఎవరన్నారు? 2019లో జారెల్ మిల్లర్ డోపింగ్‌లో దొరికితే, జూన్‌లో హెవీవెయిట్ బాక్సింగ్ ఛాంపియన్ ఆంథోనీ జాషువా మీదికి ఆండీ రూయిజ్ వచ్చాడు. అంతకుముందు ఏప్రిల్‌లోనే ఒక ఫైట్ గెలిచి ఫామ్‌లో ఉన్నాడు. ఏడో రౌండ్‌లో జాషువా బెల్టులన్నీ పట్టుకుపోయాడు. 2016లో యూఎఫ్‌సీలో (మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ పోటీలు పెట్టే సంస్థ) మైఖేల్ బిస్పింగ్ రెండున్నర వారాల నోటీస్‌తో వచ్చి ఛాంపియన్ ల్యూక్ రాక్‌హోల్డ్‌ను మొదటి రౌండ్‌లోనే పడగొట్టాడు. వచ్చేవాడికి పోయేదేమీ లేదు, ఛాంపియన్‌కు అంతా పోతుంది.

అపోహ: వద్దన్నవాడు పిరికివాడు.

వాస్తవం: 2012లో డాన్ హెండర్సన్ గాయపడితే, ఎనిమిది రోజుల ముందు ఛేల్ సోనెన్‌తో ఫైట్‌కు అప్పటి యూఎఫ్‌సీ ఛాంపియన్ జాన్ జోన్స్ ఒప్పుకోలేదు. ఆ పోటీల రాత్రి, యూఎఫ్‌సీ 151, మొత్తం రద్దయింది. ఆ కార్డులోని (ఆ రోజు ఫైట్ల జాబితాలోని) మిగతా ఫైటర్లకు నష్టం జరిగిన మాట నిజం. దానికి తప్పంతా జోన్స్‌దేనని తిట్టిపోశారు. ఒక్క మెయిన్ ఈవెంట్ మీద కార్డంతా నిలబెట్టినవాళ్లను మాత్రం అడిగినవాళ్లు తక్కువే. మరుసటి ఏప్రిల్‌లో పూర్తి ప్రిపరేషన్‌తో అదే సోనెన్‌ను జోన్స్ మొదటి రౌండ్‌లోనే ముగించాడు. ఇందులో పిరికితనం ఎక్కడుంది?

అపోహ: అయితే ఎప్పుడూ ఒప్పుకోకూడదు.

వాస్తవం: అదీ కాదు. 2025 జనవరిలో ఒక్క రోజు ముందు ప్రత్యర్థి మారినా అప్పటి యూఎఫ్‌సీ లైట్‌వెయిట్ ఛాంపియన్ ఇస్లామ్ మఖాచెవ్ ఒప్పుకుని, రెనాటో మొయికానోను మొదటి రౌండ్‌లోనే సబ్‌మిషన్‌తో (పట్టు బిగించి లొంగదీసి) ఓడించాడు. పట్టి కింద పడేసే ఆటకు ఎదుట ఎవరున్నా పెద్దగా మార్చుకునేది ఉండదు.

నన్నడిగితే, కొత్త ప్రత్యర్థి స్టాన్స్ (నిలబడే తీరు) మారి రెండు వారాల కంటే తక్కువ టైమ్ ఉంటే వద్దనే చెప్తాను. స్టాన్స్ అదే అయితే వీడియోలు తెప్పించుకుని, రెండు రోజులు స్పారింగ్‌లో చూసి మాట్లాడదాం అంటాను. ప్రమోటర్ ఆ రాత్రికే జవాబు కావాలని పట్టుబట్టినా సరే.