ఎఫ్-16 సిమ్యులేటర్‌లో ఇంజిన్ స్టార్టు, హైడ్రాలిక్స్: అపోహలు - వాస్తవాలు

డీసీఎస్ వరల్డ్ అనే కంప్యూటర్ ఫ్లయిట్ సిమ్యులేటర్‌లో ఎఫ్-16సీ యుద్ధవిమానం మొదలుపెట్టినవాళ్లు నన్ను అడిగే ప్రశ్నల్లో ఎక్కువ భాగం గగనతల పోరాటం గురించి కాదు. విమానం ఇంకా నేల మీదే ఉంటుంది. ఇంజిన్ అందుకోదు, లేదా అందుకున్నాక హైడ్రాలిక్స్ (ద్రవ పీడనంతో భాగాలను కదిపే వ్యవస్థ) పనిచేయడం లేదన్న అనుమానం మొదలవుతుంది. ఈ రెండింటినీ వేర్వేరుగా చూడటం దగ్గరే చిక్కు వస్తోంది. ఈ విమానంలో ఇంజిన్ తిరగడానికి తొలి ఊపునిచ్చేది నిల్వ ఉంచిన హైడ్రాలిక్ పీడనమే. తిరిగిన ఇంజిన్ మళ్లీ ఆ పీడనాన్ని పుట్టిస్తుంది. ఈ గొలుసు తెలిస్తే తెగిన లంకెను పట్టుకోవడం కష్టం కాదు.

అపోహ: కారులో లాగే ఇంజిన్‌ను బ్యాటరీ తిప్పుతుంది.

బ్యాటరీ పని స్విచ్చులకు, వాల్వులకు, హెచ్చరిక దీపాలకు కరెంటు ఇవ్వడం వరకే. ఇంజిన్‌ను తిప్పేది జెట్ ఫ్యూయల్ స్టార్టర్ అనే చిన్న గ్యాస్ టర్బైన్. అందరూ జేఎఫ్‌ఎస్ అంటారు. ఆ జేఎఫ్‌ఎస్‌ను కదిలించేవి రెండు అక్యుములేటర్లు. వాటిలో హైడ్రాలిక్ ద్రవం పీడనంతో సిద్ధంగా ఉంటుంది. స్విచ్‌ను స్టార్ట్ 1లో పెడితే ఒకటి, స్టార్ట్ 2లో పెడితే రెండూ ఖర్చవుతాయి. రెండూ ఖాళీ అయ్యాక స్విచ్‌ను ఎన్నిసార్లు వేసినా ఫలితం ఉండదు. నిజమైన విమానంలోనైతే నేల మీది సిబ్బంది చేతి పంపుతో మళ్లీ నింపాలి. స్విచ్ వేసిన 30 సెకన్లలోపు జేఎఫ్‌ఎస్ రన్ దీపం వెలగాలి. వెలగలేదంటే చిక్కు ఇక్కడే ఉంది. థ్రాటిల్ (ఇంజిన్ శక్తిని పెంచి తగ్గించే లీవర్) జోలికి వెళ్లి లాభం లేదు.

అపోహ: జేఎఫ్‌ఎస్ తిరుగుతోంది కాబట్టి ఇక థ్రాటిల్ తోస్తే చాలు.

ఎక్కువమంది తడబడేది ఈ మెట్టు దగ్గరే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఆర్‌పీఎం, అంటే ఇంజిన్ తిరిగే వేగం, 20 శాతం చేరాకే థ్రాటిల్‌ను కటాఫ్ (ఇంధనం ఆగి ఉండే స్థానం) నుంచి ఐడిల్‌కు (ఇంజిన్ కనిష్ఠ వేగంతో నడిచే స్థానానికి) తేవాలి. అంతకన్నా ముందే తెస్తే ఇంధనం వస్తుంది కానీ దానికి సరిపడా గాలి లోపలికి రాదు. మంట తగినంత చల్లబడక టర్బైన్ ఉష్ణోగ్రత ఒక్కసారిగా పెరిగిపోతుంది.

20 శాతం దాటాక ఐడిల్‌కు తెచ్చినా ఎఫ్‌టీఐటీ ముల్లు, అంటే టర్బైన్ ఉష్ణోగ్రత చూపే ముల్లు, కదలలేదనుకోండి. ఇంజిన్ తిరుగుతోంది కానీ మంట అంటుకోలేదు. అప్పుడు రెండు విషయాలు చూడండి. మాస్టర్ ఫ్యూయల్ స్విచ్ ఆన్‌లో ఉందా? థ్రాటిల్ నిజంగా కటాఫ్ నుంచి ఐడిల్‌కు వచ్చిందా? మీ చేతిలోని థ్రాటిల్ పరికరాన్ని ముందుకు తోసినంత మాత్రాన అది జరగదు. కటాఫ్ నుంచి ఐడిల్‌కు తెచ్చే ఆదేశం వేరుగా ఉంటుంది, దానికి ఒక బటన్ కేటాయించాలి. నా దగ్గరికి వచ్చే "ఇంజిన్ అందుకోవడం లేదు" ఫిర్యాదుల్లో చాలావరకు ఈ ఒక్క బటన్‌తో తీరిపోతాయి.

మంట అంటుకోగానే ఇంజిన్ సొంతంగా నిలబడిందని జేఎఫ్‌ఎస్‌ను చేత్తో ఆపేవాళ్లూ ఉన్నారు. ఆపకండి. 55 శాతం దగ్గర స్విచ్ తనంతట తానే ఆఫ్‌కు పడుతుంది. అప్పటిదాకా ఇంజిన్‌కు ఆ ఊతం కావాలి.

అపోహ: హైడ్రాలిక్/ఆయిల్ ప్రెషర్ దీపం వెలిగిందంటే ఏదో చెడిపోయింది.

స్టార్టుకు ముందు అది వెలిగే ఉండాలి. ఇంజిన్ తిరగనప్పుడు పీడనం ఎక్కడి నుంచి వస్తుంది? ఆర్‌పీఎం 25 నుంచి 70 శాతం మధ్య అది ఆరిపోవాలి. ఆ తర్వాత కూడా వెలుగుతుంటే అప్పుడు ఆలోచించాలి.

అపోహ: స్టిక్ కదిపినా రెక్కలు, తోక కదలడం లేదంటే జాయ్‌స్టిక్ పాడైంది.

ఇంజినీరింగ్ చదివే ఒక తమ్ముడు ఒక రాత్రి ఫోన్ చేశాడు. "అన్నా, మూడుసార్లు కాలిబ్రేషన్ చేశాను. వెనక తోక కదలడమే లేదు. స్టిక్ విప్పి చూడాలనుకుంటున్నాను" అన్నాడు. విప్పవద్దన్నాను. కుడివైపు కింద ఉన్న 'ఏ', 'బీ' అనే రెండు హైడ్రాలిక్ సిస్టమ్‌ల గేజ్‌లు చదవమన్నాను. రెండు ముళ్లూ సున్నా మీద ఉన్నాయి. అతను ఇంకా ఇంజిన్ స్టార్ట్ చేయనేలేదు.

ఈ విమానంలో స్టిక్ నుంచి తోక దాకా తీగలు, కడ్డీలు ఉండవు. స్టిక్ నుంచి సంకేతం కంప్యూటర్‌కు వెళుతుంది, తోకను కదిపే బలం మాత్రం హైడ్రాలిక్స్‌దే. స్టార్ట్ చేయించాను. ముళ్లు రెండూ 3000 పీఎస్‌ఐ (పీడనాన్ని కొలిచే ప్రమాణం) దగ్గరకు చేరాయి. స్టిక్ కదిపాడు, తోక కదిలింది. అతని గొంతులో పలికిన ఆనందం నాకిప్పటికీ గుర్తుంది. ఇలాంటి అనుమానం వస్తే తెర మీద ఇన్‌పుట్ సూచికను తెరవండి. చుక్క కదులుతోందంటే మీ పరికరం బాగున్నట్టే.

అపోహ: 'ఏ' హైడ్రాలిక్ సిస్టమ్ అసలుది, 'బీ' స్టాండ్‌బై.

ఫ్లయిట్ కంట్రోల్స్‌కు రెండూ ఏకకాలంలో బలమిస్తాయి. ఒకటి పోయినా విమానం అదుపులో ఉంటుంది. మిగతా పనులు పంచుకున్నాయి. స్పీడ్ బ్రేకులు 'ఏ' సిస్టమ్‌వి. లాండింగ్ గేర్, చక్రాల బ్రేకులు, ముందు చక్రం స్టీరింగ్ బీ సిస్టమ్‌వి. జేఎఫ్‌ఎస్ అక్యుములేటర్లను మళ్లీ నింపేదీ బీ సిస్టమే. కాబట్టి బీ పోతే విమానాన్ని దింపేటప్పుడు చేయాల్సిన పని పెరుగుతుంది: గేర్‌ను ప్రత్యామ్నాయ పద్ధతిలో దించాలి, నేల మీద స్టీరింగ్ ఉండదు, బ్రేకులకు అక్యుములేటర్లలో మిగిలిన పీడనమే దిక్కు. రెండు గేజ్‌లలో ఏది పడిపోయిందో చూడకుండా "హైడ్రాలిక్స్ పోయాయి" అనేవారికి నేను ఏ సలహా ఇవ్వగలను?

అపోహ: ఈపీయూ అంటే ఇంకో బ్యాటరీ.

ఈపీయూ అంటే ఎమర్జెన్సీ పవర్ యూనిట్, అది అత్యవసర టర్బైన్. కరెంటుతో పాటు 'ఏ' సిస్టమ్‌కు హైడ్రాలిక్ పీడనాన్నీ ఇస్తుంది. ఇంజిన్ నుంచి వచ్చే గాలి చాలకపోతే హైడ్రజీన్ అనే ఇంధనం వాడుతుంది. ఆ ఇంధనం మామూలు వాడకంలో సుమారు 10 నిమిషాలు వస్తుంది. దాని స్విచ్‌ను నార్మ్ (మామూలు) స్థానంలో ఉంచండి.

అపోహ: ఆటో స్టార్ట్ (సిమ్యులేటరే స్విచ్చులు వేసి ఇంజిన్ స్టార్ట్ చేసే సౌకర్యం) వాడితే ఏమీ నేర్చుకోలేరు.

ఈ మాటతో నేను ఏకీభవించను. సమస్య ఎక్కడుందో తేల్చడానికి అది మంచి సాధనం. ఆటో స్టార్ట్‌తో ఇంజిన్ లేచిందంటే విమానంలో లోపం లేదు, మీ క్రమంలోనో బటన్లలోనో ఉంది. అది ఏ స్విచ్‌ను ఎప్పుడు కదుపుతోందో గేజ్‌ల మీద చూపు ఉంచి గమనించండి.

అపోహ: ఎఫ్-16 వస్తే ఎఫ్/ఏ-18సీ కూడా వచ్చినట్టే.

హార్నెట్‌కు, అంటే ఎఫ్/ఏ-18సీకి, రెండు ఇంజిన్లు, రెండూ ఎఫ్-404లు. మన తేజస్ మార్క్-1 ఇంజిన్ కూడా ఆ కుటుంబానిదే. హార్నెట్‌లో ముందు ఏపీయూ (ఇంజిన్లను తిప్పడానికి ఉండే చిన్న సహాయక టర్బైన్) నడపాలి. పచ్చ దీపం వెలిగాక క్రాంక్ స్విచ్‌ను కుడివైపు వేయాలి, ఆర్‌పీఎం కనీసం 10 శాతం దాటాక థ్రాటిల్‌ను ఐడిల్‌కు తేవాలి. కుడి ఇంజినే ముందెందుకని చాలామంది అడుగుతారు. మామూలు బ్రేకులకు పీడనం ఇచ్చే హైడ్రాలిక్ సిస్టమ్‌ను కుడి ఇంజినే నడుపుతుంది. అది ముందు లేస్తే, ఎడమది తిరిగే సమయానికి మీ కాలి కింద బ్రేకు సిద్ధంగా ఉంటుంది.