తోపుడు బండి, ఫుట్‌పాత్, ప్రభుత్వం: వీధి వ్యాపారం మీద అపోహలు - వాస్తవాలు

నా దగ్గరికి వచ్చే కేసుల్లో సగం వీధి వ్యాపారులవే. జామకాయలు, ఇడ్లీలు, పూలు, సెల్‌ఫోన్ కవర్లు అమ్మేవాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు. నా ఎదురుగా కూర్చోగానే చాలామంది అనే మొదటి మాట, "తప్పు మాదేనమ్మా, కాస్త మీరే చూడాలి." ఏం తప్పు చేశారని అడిగితే చెప్పలేరు. రోడ్డు పక్కన అమ్ముకుని బతకడమే తప్పని ఏళ్ల తరబడి వినీ వినీ నమ్మేశారు.

వ్యక్తి స్వేచ్ఛ, మార్కెట్ స్వేచ్ఛ, ప్రభుత్వం ఎంతవరకు కల్పించుకోవాలి అన్న చర్చ వచ్చినప్పుడల్లా అందరూ పెద్ద కంపెనీల గురించే మాట్లాడతారు. మన దేశంలో ఆ ప్రశ్న అన్నిటికన్నా సూటిగా ఎదురయ్యేది తోపుడు బండి దగ్గర. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: రోడ్డు పక్కన అమ్మడం చట్టవిరుద్ధం. అధికారులు జాలిపడి ఊరుకుంటున్నారు.

రాజ్యాంగంలోని 19(1)(జి) అధికరణ ప్రతి పౌరుడికీ నచ్చిన వృత్తి, వ్యాపారం చేసుకునే స్వేచ్ఛ ఇచ్చింది. షాపు అద్దెకు తీసుకునే స్తోమత ఉన్నవాళ్లకే అని అందులో రాయలేదు.

ఢిల్లీ జన్‌పథ్ లేన్‌లో ఒక కరెంటు స్తంభం పక్కన సోదన్ సింగ్ అనే వ్యక్తి రెడీమేడ్ బట్టలు అమ్ముకునేవాడు. ఎనిమిది అడుగుల వెడల్పు, ఇరవై నాలుగు అడుగుల పొడవు జాగా. మొదట్లో అక్కడి మున్సిపల్ అధికారులు తెహ్‌బజారీ అనే అనుమతి ఇచ్చారు. తెలంగాణలో మనం తైబజార్ అనేది ఆ మాటే. తర్వాత ఇవ్వడం మానేసి, ఖాళీ చేయించారు. ఆయన సుప్రీంకోర్టుకి వెళ్లాడు. 1989లో ఐదుగురు జడ్జీల ధర్మాసనం తీర్పు చెప్పింది: వీధిలో వ్యాపారం చేసుకోవడం 19(1)(జి) కిందికి వచ్చే ప్రాథమిక హక్కే, దాన్ని క్రమబద్ధం చేయవచ్చు.

ఆ తీర్పులో నాకు బాగా నచ్చిన చోటు ఒకటుంది. పగలంతా పనిచేసి ఇంటికి పరుగెత్తే సామాన్యుడు దారిలోనే, తక్కువ ధరకి, రోజూ వాడే వస్తువులు కొనుక్కోగలుగుతున్నాడని, ఈ చిన్న వ్యాపారుల వల్ల జనానికి సౌకర్యమేనని కోర్టు గుర్తించింది. అమ్మేవాడి స్వేచ్ఛలో కొనేవాడి మేలు కూడా ఉందని అంత పెద్ద కోర్టు చెప్పాక, ఇంకా జాలి గురించి మాట్లాడటం నాకు బాధగా ఉంటుంది.

అపోహ: ప్రాథమిక హక్కు కదా, బండి నా ఇష్టం వచ్చిన చోట పెట్టుకుంటాను.

అదే తీర్పు దీన్ని కొట్టేసింది. వ్యాపారం చేసే హక్కు ఉంది గానీ ఫలానా చోటే శాశ్వతంగా కావాలనే హక్కు లేదు. ప్రజాప్రయోజనం కోసం సబబైన ఆంక్షలు పెట్టవచ్చని 19(6) చెబుతుంది. 2014 వీధి వ్యాపారుల చట్టంలోని 29వ సెక్షన్ కూడా, కేటాయించిన చోటు మీద శాశ్వత హక్కు పుట్టదని స్పష్టంగా రాసింది.

ఈ మాట చెప్పగానే నా క్లయింట్ల ముఖాలు వాడిపోతాయి. అయినా చెబుతాను. కర్ర ఊతంతో నడిచే ముసలాయన ఫుట్‌పాత్ దిగి బస్సుల మధ్య నడవాల్సి వస్తే, ఆయన స్వేచ్ఛ కూడా పోయినట్లే కదా.

అపోహ: మార్కెట్ స్వేచ్ఛ అంటే ప్రభుత్వం పూర్తిగా పక్కకి తప్పుకోవడం.

చదువుకున్నవాళ్లలోనే ఇది ఎక్కువ. రూల్ లేకపోతే స్వేచ్ఛ ఉంటుందనుకుంటారు. రాసిన రూల్ లేని వీధిలో ఏం జరుగుతుందో నేను చూస్తూనే ఉన్నాను. అక్కడ మామూళ్లు నడుస్తాయి. బండికి రోజుకి 50 రూపాయలు అనుకోండి. నెలకి 1500. దానికి రసీదు ఉండదు, ఇచ్చినందుకు భద్రతా ఉండదు. వసూలు చేసే మనిషి మారితే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. కొత్తగా బండి పెట్టాలంటే ముందు నుంచి ఉన్న నలుగురూ, వాళ్ల వెనకున్న లోకల్ నాయకుడూ ఒప్పుకోవాలి. ఇందులో పోటీ ఎక్కడుంది? ధర తగ్గించి, రుచి పెంచి గెలవాల్సినవాడు పరిచయాలు పెంచుకుని గెలుస్తున్నాడు.

ప్రభుత్వం చేయాల్సిన పని ఇక్కడ ఖచ్చితంగా ఉంది. ఎవరెవరు అమ్ముతున్నారో లెక్క రాయాలి. నడిచేవాళ్లకి ఎంత, బండికి ఎంత అని గీత గీయాలి. చేతికి సర్టిఫికెట్ ఇవ్వాలి. ఆ కాగితం ఉన్నవాడిని ఎవరు బెదిరించినా అడ్డుకోవాలి. మిర్చి బజ్జీ ఎంతకి అమ్మాలో, నిమ్మసోడా అమ్మాలో చెరుకు రసం అమ్మాలో చెప్పాల్సిన పని దానికి లేదు.

2014 మే 1న అమల్లోకి వచ్చిన వీధి వ్యాపారుల చట్టం చాలావరకు ఇలాగే ఆలోచించింది. ప్రతి పట్టణంలో టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి. అందులో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే, వాళ్లలో వాళ్లు ఎన్నుకున్నవాళ్లే ఉండాలి. ఆ వ్యాపారుల్లో మూడో వంతు మహిళలు. సర్టిఫికెట్ షరతుల ప్రకారం అమ్ముకునేవాళ్లని పోలీసులతో సహా ఎవరూ అడ్డుకోకూడదని 27వ సెక్షన్. కాగితం మీద ఇంత బాగా ఉన్నదాన్ని రోడ్డు మీదికి తెచ్చుకోవడమే మా పోరాటమంతా.

అపోహ: మున్సిపాలిటీ తలుచుకుంటే రాత్రికి రాత్రి లేపేయొచ్చు.

ఎవరెవరు అమ్ముతున్నారో లెక్క రాసే సర్వే పూర్తయి, సర్టిఫికెట్లు ఇచ్చేదాకా అప్పటికే అక్కడున్న వ్యాపారుల్ని ఖాళీ చేయించకూడదని మూడో సెక్షన్ అంటుంది. సర్టిఫికెట్ ఇచ్చాక వేరే చోటికి మార్చాలన్నా, తొలగించాలన్నా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. గడువు దాటినా కదలకపోతే రోజుకి 250 రూపాయల వరకు జరిమానా. మైకులో అనౌన్స్‌మెంట్ చేసి గంట టైమ్ ఇవ్వడం నోటీసు కిందికి రాదు.

అపోహ: సరుకు లారీ ఎక్కిందంటే ఇక మర్చిపోవాల్సిందే.

జప్తు చేసిన ప్రతి వస్తువుకీ జాబితా రాసి, సంతకం చేసిన కాపీ వ్యాపారికి ఇవ్వాలి. అడిగితే పాడైపోయే సరుకు అదే రోజు, మిగతాది రెండు పనిదినాల్లో వదిలిపెట్టాలి. 19వ సెక్షన్.

నా దగ్గరికొచ్చిన ఒకావిడ జామకాయల బుట్ట మూడో రోజుకి తిరిగొచ్చింది. అప్పటికి కాయలన్నీ మెత్తబడి నల్లగా అయిపోయాయి. జాబితా అడగాలని ఆమెకి తెలియదు. అప్పు తెచ్చి పెట్టిన సరుకు, సాయంత్రానికి వడ్డీతో కట్టాల్సిన డబ్బు. ఆ బుట్ట నా గుమ్మం ముందు దించి, "దీన్ని ఎవరికి చూపించాలమ్మా" అంది. అప్పటినుంచి 19వ సెక్షన్ తెలుగులో పెద్ద అక్షరాలతో ప్రింట్ తీయించి, అడిగిన ప్రతి ఒక్కరికీ ఇస్తున్నాను. బండికి అతికించుకోండి.

అపోహ: రద్దీగా ఉంది, చెత్త పడుతోంది అంటే చాలు, ఆ వీధిని నిషేధించొచ్చు.

కుదరదు. రద్దీ ఒక్కటే కారణంగా నో వెండింగ్ జోన్ (అమ్మకాలు నిషేధించిన ప్రాంతం) ప్రకటించకూడదని చట్టం షెడ్యూల్‌లో ఉంది. చెత్త విషయంలో అయితే, అది కేవలం వ్యాపారుల వల్లే వస్తోందని, పారిశుద్ధ్య పనులతో పరిష్కారం కాదని తేలాలి. సర్వేలో గుర్తించిన సహజ మార్కెట్‌ని, అంటే అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ ఎప్పటినుంచో కూడే చోటుని, నిషేధ ప్రాంతంగా మార్చడానికి వీల్లేదు.

అపోహ: ఆశీలు కడుతున్నాం, బ్యాంకు లోన్ కూడా వచ్చింది, ఇక ఢోకా లేదు.

ఆశీలు చీటీ, అంటే అమ్ముకునే చోటుకి కట్టే రుసుము రసీదు, సర్టిఫికెట్ కాదు. కానీ పారేయకండి, ఆ చోట మీరు ఎన్నాళ్లుగా ఉన్నారో చెప్పడానికి పనికొస్తుంది. 2020 జూన్‌లో మొదలైన పీఎం స్వనిధి పథకంలో తాకట్టు లేకుండా మొదటి విడత 10,000 రూపాయలు ఇచ్చారు. రోజువారీ వడ్డీల నుంచి ఎంతోమందికి ఊపిరి ఆడింది, ఆ మేలు నేను కాదనను. అయితే నా క్లయింట్లలో ఒకాయన లోన్ వాయిదాలు కడుతూ ఉండగానే బండి తీసేశారు. అప్పు ఇచ్చిన చేతులే అమ్ముకునే చోటుకి భరోసా ఇవ్వకపోతే ఆ అప్పు తీరేదెలా?

అపోహ: సర్వేలో పేరు ఎక్కకపోతే ఐదేళ్లు ఆగాల్సిందే.

సర్వే కనీసం ఐదేళ్లకోసారి జరగాలి. రెండు సర్వేల మధ్యలో కొత్తగా వ్యాపారం చేయాలనుకునేవాళ్లు కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఖాళీ ఉంటేనే ఇస్తారు. నేను ఈ చట్టంతో విభేదించేది ఇక్కడే. మొత్తం వ్యాపారులు జనాభాలో 2.5 శాతం మించకూడదని పరిమితి పెట్టారు. ఎంతమంది అమ్మాలో ముందే లెక్క కట్టేయడం పాత లైసెన్సుల కాలం ఆలోచన. రోడ్డు వెడల్పు చూసి పరిమితి పెడితే అర్థముంది, తలల లెక్క చూసి పెడితే లేదు. ఆ అంకె నిండిన రోజున, లోపలున్నవాడి సర్టిఫికెట్‌కి దొంగచాటుగా అద్దె పుడుతుంది. బయట ఉన్నవాడు మళ్లీ మామూలు ఇచ్చే మనిషి అవుతాడు.

సర్వే రోజున కూతురి కాన్పుకి ఊరెళ్లి, పేరు పోగొట్టుకున్న ఇడ్లీ బండి ఆవిడ ఒకరు పోయిన నెల నా దగ్గరికి వచ్చారు. పాత ఆశీలు చీటీలు, బండి దగ్గర తీసిన ఫోటోలు, ఆధార్ జిరాక్స్ కలిపి దరఖాస్తు రాసిచ్చాను. మున్సిపల్ ఆఫీసులో దరఖాస్తులు తీసుకునే ఇన్‌వార్డులో ఇచ్చి, కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోకుండా రావద్దని చెప్పాను. మధ్యాహ్నం రెండింటికి వెళ్లి, సాయంత్రం ఆఫీసు మూసేవేళకి ముద్రతో తిరిగొచ్చారు.