నిద్ర మందు తాగించాక ఎవరు చూస్తున్నారు?

పసిపిల్లలకు వినికిడి తేల్చే బేరా పరీక్ష రాస్తే తల్లికి చెప్పే జాగ్రత్త ఒకటుంటుంది: "రాత్రి పాపను ఎక్కువసేపు పడుకోనివ్వకండమ్మా." తలకు వైర్లు అతికించాక పిల్ల కదలకూడదు. ఏడాదిన్నర పిల్ల కదలకుండా ఉండేది నిద్రలోనే. ఆ నిద్ర రాకపోతే ట్రైక్లోఫాస్ సిరప్ తాగిస్తారు.

దీనికి తాతలాంటి క్లోరల్ హైడ్రేట్ 1869లోనే నిద్ర మందుగా వాడుకలోకి వచ్చింది. రెండూ ఒంట్లోకి వెళ్లాక ఒకే పదార్థంగా మారతాయి. అంత పాత మందు కదా, ఏమవుతుందిలే అనే ధీమా డాక్టర్లలోనూ ఉండేది. అమెరికాలో అయితే పిల్లలకు మత్తు కోసం మూడు మందులు ఒకే సిరంజిలో కలిపి పొడిచేవారు. ఆ మిశ్రమం వద్దని అక్కడి పిల్లల వైద్యుల సంఘం చెప్పేసరికి 1995 వచ్చింది.

అసలు కుదుపు అంతకు పదేళ్ల ముందే తగిలింది. ఒకే పంటి క్లినిక్‌లో ముగ్గురు పిల్లలు చనిపోయారు. దాంతో ఆ సంఘం 1985లో తొలిసారి నియమాలు రాసింది. 2000లో అక్కడి పిల్లల మత్తు డాక్టరు ఛార్లెస్ కోటే బృందం మత్తు వికటించిన 95 కేసులు తిరగేసింది. వాటిలో 51 మరణాలు. ఫలానా మందే దోషి అని తేలలేదు. ఊపిరి తగ్గుతున్నప్పుడు సరిగా కనిపెట్టలేదు, కనిపెట్టాక బిడ్డను వెనక్కి తేవడం చేతకాలేదు.

పిల్లల నోటికి నాలుక పెద్దది, శ్వాసదారి సన్నం, ఆక్సిజన్ నిల్వ తక్కువ. నాలుక వెనక్కి జారితే ఒళ్లు నీలం తిరగడానికి ఎంతోసేపు పట్టదు. గడ్డం పైకెత్తితే చాలా సార్లు దారి తెరుచుకుంటుంది, లేదంటే మాస్కుతో గాలి ఊదాలి. చెప్పినంత తేలిక కాదు, చేత్తో చేసి చేసి రావాలి. అందుకే నేటి శిక్షణలో ముఖ్యమైన సూత్రం ఇది: అనుకున్న మత్తు కంటే ఒక మెట్టు లోతుకు బిడ్డ జారినా పైకి లాగగలిగినవాడే మందు ఇవ్వాలి. పరీక్ష చేసేవాళ్లు వేరు, బిడ్డను చూసేవాళ్లు వేరుగా ఉండాలి.

మన దగ్గర మత్తు డాక్టరు ఎక్కువగా ఆపరేషన్ థియేటర్లోనే దొరుకుతాడు. శ్రీకాకుళంలో రిమ్స్ అనే ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2008లో, విజయనగరంలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2023లో వచ్చాయి. అంతకుముందు పెద్ద కేసంటే విశాఖ కేజీహెచ్చే. మత్తు డాక్టర్ల కొరత తీర్చడానికి ఎంబీబీఎస్ వాళ్లకు కేంద్రం మొదట 18 వారాల శిక్షణ పెట్టింది, కానీ అది కాన్పుల కోసం. స్కానింగ్ గదిలోని పసివాడు ఆ లెక్కలోకి రాలేదు.

కోటే బృందం చూసిన కేసుల్లో నన్ను వదలనివి ఇంటిదారివి. తొందరగా పంపించేశాక కారు సీట్లో తల ముందుకు వాలి ఊపిరాడని పిల్లలు. ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం వంద కిలోమీటర్ల పైమాటే, బస్సులో అమ్మ ఒడిలో పిల్ల పడుకుందనే అనుకుంటాం. ఈ సిరప్ మత్తు గంటల తరబడి ఉంటుంది. నిశ్శబ్దంగా ఉన్న చోట కనీసం 20 నిమిషాలు తనంతట తాను మేలుకొని ఉంటేనే బిడ్డను ఇంటికి పంపొచ్చని నియమాలు సూచిస్తాయి. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు వెళ్లిపోతుందని టెన్షన్ పడే తండ్రిని ఆ 20 నిమిషాలు కూర్చోబెట్టాల్సింది వార్డులో నర్సమ్మే.