భవనానికి పేరు పెట్టడం: అపోహలు, వాస్తవాలు

ప్రభుత్వ భవనాలకు స్థానిక నాయకుల పేర్లు పెట్టమని వచ్చే ప్రతిపాదనలు పరిశీలించడం నా ఉద్యోగం. తీర్మానం ఎప్పుడు పాసవుతుందని అందరూ అడుగుతారు. ఫలకం మీద ఏం రాస్తారని అడిగేవాళ్లు తక్కువ.

అపోహ: తీర్మానం పాసైతే పని అయిపోయినట్టే.

వాస్తవం: అమెరికాలో పోస్టాఫీసుకు ఒకరి పేరు పెట్టాలంటే ఏకంగా కాంగ్రెస్ చట్టం చేయాలి. అంత చేసినా పోస్టాఫీసు చిరునామా మారదు. లోపల ఒక ఫలకం పెడతారు. అంటే ఆ మనిషి ఎవరో కొత్తవాళ్లకు తెలిసేది ఆ నాలుగు లైన్లతోనే. నాకు వచ్చే డ్రాఫ్టుల్లో మాత్రం "ప్రజాసేవకు అంకితమైన మహనీయులు" అని ఉంటుంది. అది ఎవరి పేరు కిందైనా సరిపోయే మాట. ఒకావిడ ఫైల్లో దాన్ని కొట్టేసి, "ఈ గ్రంథాలయం మూతపడకుండా పదకొండేళ్లు రోజూ సాయంత్రం తానే తలుపులు తీశారు" అని రాయించాం. ఆవిష్కరణ రోజు జనం అది చదివి, అక్కడే నిలబడి ఆవిడ గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు.

ఇంకో ఫలకంలో ఇంటిపేరులో ఒత్తు పోయింది. రాయి చెక్కాక, వాళ్లబ్బాయి ఆ అక్షరం మీద వేలు పెట్టి చూపించేదాకా ఎవరం గమనించలేదు. అప్పట్నుంచి కుటుంబసభ్యుల సంతకం లేనిదే డ్రాఫ్టును చెక్కడానికి పంపడం లేదు.

అపోహ: మనిషి పోయిన వెంటనే పెట్టేయాలి, లేకపోతే జనం మర్చిపోతారు.

వాస్తవం: అమెరికా అధ్యక్షుడు కెనడీ హత్య జరిగిన నెలకే, 1963 డిసెంబరులో, న్యూయార్క్ విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టారు. కానీ కొండలు, వాగుల వంటివాటికి పేర్లు ఖరారు చేసే అమెరికా బోర్డు, మనిషి చనిపోయి కనీసం 5 ఏళ్లు గడవాలంటుంది. భవనాల విషయంలోనూ ఇలా కొన్నేళ్లు ఆగితే మంచిదని నా అభిప్రాయం. దుఃఖంలో ఉన్న కుటుంబాన్ని కూర్చోబెట్టి వివరాలు అడగడం నాకు ఎప్పుడూ కష్టంగానే ఉంటుంది.

అపోహ: ఒకసారి పెట్టిన పేరు శాశ్వతం.

వాస్తవం: ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ నగరంలో కోల్‌స్టన్ హాల్ అనే సంగీత మందిరం ఉండేది. ఎడ్వర్డ్ కోల్‌స్టన్ ఆ ఊరికి విరాళాలిచ్చిన దాత, బానిస వ్యాపారంలో డబ్బు గడించినవాడు కూడా. 2020లో ఆ పేరు తీసేసి బ్రిస్టల్ బీకన్ అని పెట్టారు. అందుకే నేను పాత పత్రికలు, కోర్టు రికార్డులు తిరగేస్తాను, ఆ నాయకుడి కింద పనిచేసినవాళ్లను పిలిచి అడుగుతాను. కుటుంబం చెప్పిన మాటలే ఉన్న ఫైలును ముందుకు పంపను.