నిద్రలో అరిగే పళ్ళు

పిల్లలు నిద్రలో పళ్ళు పటపట కొరికితే మన ఇళ్ళలో ముందు నులిపురుగులనే అనుమానిస్తారు. నిజానికి ఈ చప్పుడుకు మూలం నిద్రలోనే ఉంది. నిద్ర పలచబడి మెదడు క్షణకాలం మెలకువ అంచుకు వచ్చినప్పుడు గుండె వేగం పెరుగుతుంది, ఆ వెంటనే దవడ కండరాలు బిగుసుకుంటాయి. చాలామంది పిల్లల్లో ఎదిగేకొద్దీ ఇది తగ్గిపోతుంది. పెద్దవాళ్ళ విషయం వేరు. పంటిని కప్పి ఉండే గట్టి పైపొర ఎనామిల్ మందం పంటి కొసల మీద కూడా రెండు, రెండున్నర మిల్లీమీటర్లే. అరిగితే మళ్ళీ పెరగదు.

పొద్దున లేవగానే దవడ పట్టేసినట్టుండటం, కణతల నొప్పి, మాటిమాటికీ ఫిల్లింగులు విరగడం దీని గుర్తులు. పళ్ళు అరిగి ఉన్నంత మాత్రాన ఇప్పుడూ కొరుకుతున్నారని చెప్పలేం, అది పాత అరుగుదల కావచ్చు.

రాత్రి పడుకునేటప్పుడు పళ్ళకు పెట్టుకునే తొడుగు, నైట్ గార్డ్, కొరకడాన్ని ఆపదు. చెప్పు తాను అరిగి కాలిని కాచినట్టు పళ్ళను కాస్తుంది. పళ్ళ అచ్చు తీసి, అక్రిలిక్ అనే గట్టి ప్లాస్టిక్‌తో, సాధారణంగా పైపళ్ళన్నిటినీ కప్పేలా, వెనుక పళ్ళ దగ్గర సుమారు 2 మిల్లీమీటర్ల మందంతో చేయించుకోవాలి. అమర్చేటప్పుడు డాక్టర్ రంగు కాగితం పెట్టి కొరికిస్తారు. కింది పళ్ళన్నిటి గుర్తులూ సమానంగా పడాలి. ఒకచోటే ముదురుగా పడితే అక్కడ గార్డ్‌ను అరగదీయాలి, లేకపోతే భారమంతా ఆ ఒక్క పంటి మీదే పడుతుంది. ముందు పళ్ళకు మాత్రమే పెట్టే చిన్న గార్డులను నెలల తరబడి వాడితే, ఆనుడు లేని వెనుక పళ్ళు మెల్లగా జరిగి కొరుకు, అంటే పైపళ్ళూ కిందిపళ్ళూ కలిసే తీరు, మారిపోతుంది. వేడినీళ్ళలో మెత్తబరిచి కొరికి అమర్చుకునే రబ్బరు రకం చవకే, కానీ త్వరగా చిరుగుతుంది. మెత్తగా ఉండటంతో కొందరు దాన్ని ఇంకా ఎక్కువ నములుతారు.

కొరుకు సరిచేస్తామంటూ మంచి పళ్ళను అరగదీస్తే మాత్రం ఒప్పుకోవద్దు. పోయిన ఎనామిల్ తిరిగి రాదు, కొరకడమూ ఆగదు.

గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడేవాళ్ళు ముందు నిద్ర పరీక్ష చేయించుకోవాలి. పైపళ్ళ గార్డ్ కొందరిలో ఆ ఇబ్బందిని పెంచుతుంది. కుంగుబాటుకు వాడే కొన్ని మందులతోనూ కొరకడం మొదలవుతుంది. అలాంటప్పుడు వాటిని సొంతంగా ఆపేయకుండా, రాసిన డాక్టర్‌కే చెప్పాలి. రాత్రిపూట కాఫీ, మద్యం, సిగరెట్ తగ్గించి చూడటం మన చేతిలో పని.

పగలు ఫోన్ చూస్తూనో, బండి నడుపుతూనో పళ్ళు బిగించేవాళ్ళూ ఉన్నారు. నమలనప్పుడు, మింగనప్పుడు పైపళ్ళూ కిందిపళ్ళూ తాకకూడదు. “న” అని చూడండి. నాలుక కొసను అక్కడే తేలిగ్గా ఆనించి పెదాలు మూస్తే పళ్ళ మధ్య సందు దానంతటదే ఏర్పడుతుంది.

గార్డ్‌ను చల్లటి నీళ్ళతో, మెత్తటి బ్రష్‌తో కడగాలి. పేస్టు గీతలు పెడుతుంది, మరిగే నీళ్ళు ఆకారాన్ని వంకర చేస్తాయి. ఆరబెట్టి గాలి ఆడే డబ్బాలో ఉంచాలి. పొద్దున తీశాక కొన్ని నిమిషాలు కొరుకు తేడాగా అనిపించడం మామూలే. మధ్యాహ్నం భోజనం వేళకూ అలాగే ఉంటే వాడటం ఆపి డాక్టర్‌కు చూపించాలి.