ఆర్టిస్ట్ బుక్‌కి లేమినేషన్ ఎందుకండీ? (అపోహలు - వాస్తవాలు)

‘మాస్టారూ, దీనికో లేమినేషన్ కొట్టించి, గట్టి బైండింగ్ చేయించేస్తే పదికాలాలు ఉంటాది కదా?’

ఫొటో ఆర్టిస్ట్ బుక్స్ (ఆర్టిస్టు తన ఫొటోలతో పుస్తకాన్నే ఒక కళాకృతిగా తయారుచేసినవి) కొనడం మొదలెట్టినవాళ్లు శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా ముందు అడిగేది ఇదే. వాళ్ల భయాన్ని తప్పుపట్టలేం. ఉప్పుగాలి, నెలల తరబడి తేమ, పైన తుపాన్లు. కాకపోతే ఈ జాగ్రత్తే చాలా పుస్తకాలను పాడుచేస్తోంది.

అపోహ: బైండింగ్ చేయిస్తే పుస్తకం పదిలం, విలువా తగ్గదు.

వాస్తవం: నవలకి అట్ట మార్చినా కథ ఎక్కడికీ పోదు. ఇక్కడ అట్ట, కాగితం, సైజు, మడత అన్నీ కలిస్తేనే ఆ కళాకృతి. అమెరికన్ ఆర్టిస్టు ఎడ్ రుషే 1966లో వేసిన ‘ఎవ్రీ బిల్డింగ్ ఆన్ ద సన్‌సెట్ స్ట్రిప్’ మడతలు విప్పితే దాదాపు 25 అడుగుల పట్టీ. దాన్ని కోసి కుట్టించారా, ఇక మిగిలేది ఫొటోల కట్టే. మామూలు పుస్తకమైనా, అంచులు సమం చేయాలని బైండరు కటింగ్ మిషన్‌లో పెడితే మూడు వైపులా రెండేసి మిల్లీమీటర్లు పోతాయి. ఆర్టిస్టు కొలిచి వదిలిన తెల్ల మార్జిన్ కాస్తా చెత్తబుట్టలోకి.

ఇంకో సంగతి. పురుగు పట్టకుండా మన బైండర్లు మైదా జిగురులో మైలుతుత్తం కలుపుతారు. అందులో ఉండే రాగి కాగితాన్ని మెల్లగా గోధుమరంగుకి తిప్పి పెళుసు చేస్తుంది. లేమినేషనైతే మరీ అన్యాయం. వేడికి అంటుకున్న ఫిల్మ్ మళ్లీ ఊడదు. ఫిల్మ్ లేని వైపు తేమ పీల్చి సాగుతుంది, ఫిల్మ్ ఉన్న వైపు సాగదు. వానాకాలం వచ్చేసరికి అట్ట వంకర తిరిగిపోతుంది.

చేయాల్సింది ఇది. 50 లేదా 75 మైక్రాన్ల మందం ఉన్న పాలిస్టర్ షీటు (బట్ట కాదు, పారదర్శకమైన ప్లాస్టిక్) తీసుకోండి. కొత్త రెయిన్‌కోటు వాసన వేసే పీవీసీ వద్దు. షీటు ఎత్తు పుస్తకం కన్నా 2 మి.మీ. ఎక్కువ ఉండాలి. పొడవు రెండు అట్టలు, వెన్ను కలిపి, పైన మడతకి అటూ ఇటూ 7 సెం.మీ. చొప్పున. మడిచి తొడగడమే, టేపు, జిగురు ఏవీ వద్దు. పుస్తకంతో వచ్చిన గ్లాసీన్ జాకెట్ (పల్చని నున్నటి కాగితపు తొడుగు) చిరిగినా పారేయకండి, పాలిస్టర్ లోపల అలాగే ఉంచండి.

అపోహ: బీరువాలో కలరా ఉండలు వేస్తే చాలు.

వాస్తవం: ఉండలు బూజుని ఆపవు. గాలిలో తేమ 65 శాతం దాటితే బూజుకి పండగే. 45-55 మధ్య ఉండేలా చూడండి. రబ్బరు అంచు మూత ఉన్న డబ్బాలో సిలికా జెల్, తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ పెట్టి, నీలం గింజలు గులాబీ రంగుకి తిరగ్గానే మార్చండి. బీరువాని బయటి గోడకి ఆనించొద్దు, జానెడు ఖాళీ వదలండి. పేజీల మధ్య వేపాకు పెడితే మిగిలేది మరక.

అపోహ: పేరు పేజీలో 1962 ఉంటే అది మొదటి ముద్రణే.

వాస్తవం: రుషే ‘ట్వెంటీసిక్స్ గ్యాసొలీన్ స్టేషన్స్’ గురించి ఈ పుకారు ఆగదు. అది బయటికొచ్చింది 1963లో, నంబర్లు వేసిన 400 ప్రతులు. తర్వాత 1967లో 500, 1969లో 3000. కాపీరైట్ పేజీ, నంబరు ఫొటో తీసి పంపమని అమ్మేవాడిని అడగండి. పంపనన్నవాడి దగ్గర కొనకండి.

అపోహ: ఇవన్నీ విదేశీ సరుకు.

వాస్తవం: మన దేశపు ఫొటోగ్రాఫర్ దయానితా సింగ్ ‘సెంట్ ఎ లెటర్’ (2008) చూడండి. ఏడు చిన్న మడతల పుస్తకాలు, ఒక పెట్టె. తెలుగు కథల గ్రంథాలయం కథానిలయం ఉన్న శ్రీకాకుళంలో పాత ప్రతి విలువ వేరే చెప్పాలా!

అపోహ: తడిస్తే ఎండలో పెట్టాలి.

వాస్తవం: ఆర్ట్ పేపర్ మీది పూత తడిసి ఆరితే పేజీలు అతుక్కుపోతాయి. తర్వాత విడదీస్తే బొమ్మ ఊడి చేతికొస్తుంది. తడి మీదే పాలిథీన్‌లో చుట్టి డీప్ ఫ్రీజర్‌లో పెడితే ఆరబెట్టడానికి వ్యవధి దొరుకుతుంది. 2018 తిత్లీ తుపాను అప్పుడు ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు, అలాంటప్పుడు ఫ్రీజరు ఊసే వద్దు. నీడలో, గాలి ఆడేచోట పుస్తకాన్ని నిలబెట్టి, పూర్తిగా ఆరేదాకా పేజీలు ఒక్కొక్కటే విడదీస్తూ, తిప్పుతూ ఉండండి.